సీలింగు ముక్క

పద్మారాణి ఎవరి మాటనూ ఊరికే నమ్మే మనిషి కాదు. బజారు నుంచి తెచ్చిన కిలో టమాటాలను ఇంటికొచ్చాక మళ్లీ చేత్తో ఎత్తి చూసుకునేది. "నువ్వు పోలీసుల చేరవలసినదానివి, తప్పి సాంచెల పనోని ఇంట్ల పడ్డవ్" అని మరమగ్గాల మీద పనిచేసే భర్త అంబదాస్ ఎగతాళి చేసేవాడు. అయినా సొంత తమ్ముడు నరహరిని అనుమానించాల్సి వస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

ఖటోదరా బస్తీలో వాళ్లది రెండు గదుల ఇల్లు. పైన ఇనుప రేకులు, వాటి కింద ఎండ దిగకుండా బూడిదరంగు సిమెంటు అట్టల సీలింగు. ఇల్లు కొన్న కొత్తలో ఆ అట్టలను కోసి బిగించింది నరహరే. ఇప్పుడతను పేరున్న మేస్త్రీ. వానలు పడేలోగా రేకులూ అట్టలూ పీకేసి స్లాబు వేస్తానన్నాడు. అక్కడ అడ్డం పడింది పద్మారాణి కూతురు హారతి. హజీరాలో ఒక కంపెనీలో సేఫ్టీ విభాగంలో పనిచేస్తుంది.

"మామా, అట్టలు పలగ్గొట్టే ముందు ఒక ముక్క టెస్టుకు ఇద్దాం. పాత అట్టలల్ల ఆస్బెస్టాస్ కలిపేటోళ్లు. కదిలియ్యకుంటే ఏం గాదు. పలగ్గొడితే మాత్రం కంటికి ఆనని పోగులు లేస్తయి. ఊపిరితిత్తులల్ల దిగినయంటే ఇగ బయటికి రావు."

"గవి బిగించింది నేనే గదనే పిల్లా. నాకేమైంది? మంచిగనే ఉన్న గద" అని నరహరి నవ్వాడు. నవ్వుతూ మేనకోడలి వైపు మాత్రం చూడలేదు. పద్మారాణి అది గమనించింది.

హారతి వినలేదు. ముక్కుకు మాస్కు కట్టుకుని, అట్టను నీళ్లతో తడిపి, మూల నుంచి చిన్న ముక్క తీసింది. రెండు కవర్లలో పెట్టి టేపు చుట్టి, పైన తన పేరూ ఫోన్ నంబరూ రాసింది.

"నాకు ఇచ్ఛాపూర్ల పని నడుస్తున్నది. ల్యాబు గా తోవలనే ఉన్నది గద, నేనిస్త తే" అన్నాడు నరహరి. అంతసేపూ వద్దన్నవాడే ఎదురొచ్చి చేయి చాపాడు. పద్మారాణికి అది కూడా మింగుడు పడలేదు.

వారం తిరక్కుండానే ఒక పొద్దున ఇద్దరు కూలీలతో, సుత్తులతో దిగాడు నరహరి.

"ఏం లేదంట అక్కా. ఉత్త సిమెంటేనంట. ఇయ్యాలనే మొదలువెడదాం, సామాను బయట పెట్టు."

"కాయితమేది?"

"తర్వాత ఇస్తరంట. ఫోన్ చేసి చెప్పిండ్రు."

"ఎవలకు చేసిండ్రు?"

"నాకే."

"కవరు మీద హారతి నంబరుండె గద, నీకెట్ల చేసిండ్రు?"

నరహరి ఒక్క క్షణం తడుముకున్నాడు. "నేనే నా నంబరిచ్చిన. ఏందక్కా, గిట్ల పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవ్?"

పద్మారాణి లోపలికి వెళ్లింది. కూలీలకు చాయ్ పోసింది. ఇయ్యాల దినం మంచిది కాదని, ఇల్లు ముట్టొద్దని చెప్పి పంపించేసింది. నరహరి గొణుక్కుంటూ బండెక్కాడు.

ఆ రోజంతా ఆమెకు చీరలకు లేసు కుట్టే పని సాగలేదు. అట్టలు ఎవరికైనా అమ్మడానికి మాట్లాడి పెట్టుకున్నాడా? ఇంకోచోట పెద్ద పని దొరికి దీన్ని వదిలించుకోవాలని చూస్తున్నాడా? సాయంత్రం అంబదాస్‌తో చెబితే అతను విసుక్కున్నాడు. "తోడబుట్టినోని మీద గూడనా నీ అనుమానం?"

"తోడబుట్టినోడు గాబట్టే. అబద్ధమాడితే వాని చెవులు ఎర్రగైతయి. చిన్నప్పటి సంది చూస్తున్న."

హారతికి సెలవు దొరికిన రోజున తల్లీకూతుళ్లిద్దరూ ల్యాబుకు వెళ్లారు. కౌంటర్లో ఉన్న అతను కంప్యూటర్లో రెండుసార్లు వెతికాడు. ఆ పేరుతో గానీ ఆ నంబరుతో గానీ ఏ ముక్కా రాలేదన్నాడు.

"మామ మర్చిపోయిండేమోనే" అంది హారతి మెల్లగా.

"మర్చిపోయినోడు ఉత్త సిమెంటే అని ఎట్ల చెప్తడు?" పద్మారాణి అప్పటికే మెట్లు దిగుతోంది. "నడువు, ఇచ్ఛాపూర్‌కు పోదాం."

అక్కడ నరహరి మనుషులు అలాంటి అట్టలే ఉన్న ఒక పాత షెడ్డును విప్పుతున్నారు. దుమ్ము పొగలా లేస్తోంది. గేటు దగ్గరే ఆగిపోయింది పద్మారాణి. కూలీలందరి ముక్కులకూ తడిగుడ్డలున్నాయి. ఒక కుర్రవాడు గుడ్డ కిందికి లాగి బీడీ ముట్టిస్తే, దూరాన, దుమ్ము రాని వైపు నిలబడ్డ నరహరి గొంతు చించుకుంటున్నాడు: "గుడ్డ తియ్యకురా! సచ్చిపోతవ్!"

పద్మారాణి నేరుగా అతని ముందుకెళ్లి నిలబడింది.

"ఉత్త సిమెంటుకు గూడ గుడ్డ కడతరా తమ్మీ? ల్యాబు నుంచే వస్తున్నం."

నరహరి ముఖం పాలిపోయింది. హారతిని చూశాడు, అక్కను చూశాడు. మూతికి కట్టుకున్న గుడ్డ మెడ మీదికి జార్చి ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు.

"రాజు యాదికున్నడా అక్కా? మీ ఇంట్ల అట్టలు నేనూ వాడే కోసినం. రంపం పట్టి కోస్తే నెత్తి, మీసాలు తెల్లగయ్యేటియి. ముసలోళ్లమైనమని నవ్వుకునేటోళ్లం. నిరుడు పోయిండు. దగ్గీ దగ్గీ పోయిండు. టీబీ గాదన్నరు. ఊపిరితిత్తులు గట్టిపడ్డయన్నరు."

"అయితే?"

"ముక్కల గా ఆస్బెస్టాస్ ఉన్నదని తేలిందనుకో, నా ఛాతిల గూడ ఉన్నదని తేలినట్టే గద. తెల్వకుంటే ముద్ద దిగుతది, నిద్ర పడతది. అందుకే ఇయ్యలే."

పద్మారాణికి జాలి కన్నా ముందు కోపం వచ్చింది. "నీ నిద్ర కోసం నా ఇంట్ల గా దుమ్ము లేపుదామనుకున్నవా?"

"మిమ్ములను బయటికి పంపి చేద్దామనుకున్న. అంతా తడిపి..."

"ఇంటి చుట్టు మనుషులు లేరా? గోడకు గోడ ఆనుకొని ఉన్నరు గద!"

ముక్క ఏదని హారతి అడిగితే నరహరి లేచి వెళ్లి బండి డిక్కీ తెరిచాడు. టేపు చెదరకుండా అందులోనే ఉంది కవరు. పారేయడానికి కూడా చేతులు రాలేదట.

ఈసారి పద్మారాణే తన చేత్తో ల్యాబులో ఇచ్చి, రశీదు రాసిచ్చేదాకా కౌంటరు వదల్లేదు. హారతి భయపడ్డదే నిజమైంది. అట్టల్లో ఆస్బెస్టాస్ ఉందని తేలింది. హారతి ఈ పని తెలిసినవాళ్లను పిలిపించింది. వాళ్లు ఒళ్లంతా కప్పే దుస్తులతో వచ్చి, అట్టలను తడిపి, పగలకుండా మేకులు ఊడదీసి, మందపు ప్లాస్టిక్‌లో చుట్టి తీసుకెళ్లారు. ఆ రోజు నరహరి ఆ వీధికి రాలేదు. ఫోనూ ఎత్తలేదు.

మరునాడు పొద్దున్నే పద్మారాణి అతని గుమ్మంలో ఉంది.

"దావఖానకు నడువు."

"పోయొచ్చిన అక్కా. మంచిగనే ఉన్నదన్నరు" అన్నాడు నరహరి.

ఆమె అతని చెవుల వైపు చూసింది. "చెప్పులేసుకో" అంది.

ఛాతీ పరీక్షలన్నీ అయ్యాక, తమ్ముడి వెనకే ఆమె కూడా డాక్టరు గదిలోకి వెళ్లింది. ఊపిరితిత్తుల అడుగున రెండు వైపులా కొంత గట్టిపడింది, గడ్డలేమీ లేవు అన్నాడు డాక్టరు. పోయింది తిరిగి రాదు గానీ, బీడీ మానేసి, దుమ్ముకు దూరంగా ఉండి, ఏడాదికోసారి చూపించుకుంటే చాలాకాలం నెట్టుకురావచ్చన్నాడు.

బయటికొచ్చాక నరహరి బెంచీ మీద కూర్చున్నాడు. పద్మారాణి నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చింది.

"అక్కా" అన్నాడు. "నిరుడు రాజుతోని గూడ నేను గిట్ల డాక్టరు గదిలకు పోవాల్సుండె. బయటనే నిలవడ్డ."

ఆమె అతని పక్కన కూర్చుంది. అతను నీళ్లు తాగేదాకా లేవలేదు.