నిండు ఏడుగురం

మనుషుల్ని లెక్కపెట్టడం వంగేచికి గిట్టదు. కికూయు జాతిలో పాతకాలం వాళ్లు పిల్లల్ని లెక్కపెడితే దిష్టి తగులుతుందంటారు. పదిమంది ఉంటే పది అనరు, ‘నిండు తొమ్మిది’ అంటారు. ఆ అలవాటును ఆమె అన్ని అంకెలకూ పాకించింది.

ఆమెకు దిష్టి ఒక్కటే భయం కాదు. తెల్లదొరల కాలంలో ఊరు ఖాళీ చేయించినప్పుడు, ఒక సిపాయి కర్రతో తలలు తాకుతూ లెక్కపెట్టాడు. అంకె నిండగానే అక్క ముగురెని ఆపేసి వెనక లారీ ఎక్కించాడు. వెనకే వస్తుంది పొమ్మన్నాడు. అక్క మళ్లీ కనబడలేదు.

కొడుకు మురియుకి పెద్ద బండి కొంటానన్నప్పుడు ఆమె అడిగింది ఒక్కటే, అందరం ఒకే బండిలో పోవాలని. చనిపోయిన కూతురి బిడ్డ న్యోకాబి హాస్టల్లో చదువుతోంది. సెలవుల్లో సొంతూరు న్యేరికి ప్రయాణం పడితే, కొడుకు పిల్లలతోనే కిక్కిరిసిన పాత కారులో చోటులేక ఆ పిల్లను మటాటు అనే బాడుగ వ్యాను ఎక్కించేవాళ్లు. దారి పొడుగునా వంగేచి మెడ వెనక్కే తిరిగి ఉండేది.

అలా కొడుకూ కోడలితో కలిసి నైరోబీలో, జపాన్ నుంచి వచ్చిన పాత బండ్లు అమ్మే చోటికి వచ్చింది. అమ్మేవాడు అథ్మానీ, మొంబాసా రేవు వాడు. ఎంతమంది ఎక్కాలి పెద్దమ్మా అని మర్యాదగా అడిగాడు.

“నిండు ఏడుగురం,” అంది.

సముద్రం పక్కన పెరిగినవాడికి ఆ లెక్క తెలియదు, ఏడే వినబడింది. తిన్నగా ఓ నల్లబండి దగ్గరికి తీసుకెళ్లాడు. తలుపు తనంతట తానే జరిగింది. లోపల తోలు కుర్చీలు, సింహాసనాల్లా. మురియుకి ఒకదాంట్లో కూలబడి మీట నొక్కితే కాళ్లకింద పీట లేచింది.

“మంత్రిగారూ, బూట్లకి మట్టుంది,” అంది భార్య నెకెసా.

అతను వినే స్థితిలో లేడు. కళ్లు మూసుకున్నాడు. పక్కనే బూడిదరంగు బండి ఒకటుంది, గుడ్డ సీట్లు, మధ్యలో ఒకటి, వెనక ఒకటి ముగ్గురేసి పట్టే బల్లలు. అది స్కూలు పిల్లల్ని తిప్పుకునేవాళ్లకని అథ్మానీ ముందే తీసిపారేశాడు.

వంగేచి నల్లబండి వెనక్కి తొంగిచూసింది. మధ్య వరసలో రెండే కుర్చీలు, వెనక ముగ్గురికే చోటు.

“చాలదు నాయనా,” అంది.

“నువ్వేగా అమ్మా, ఏడుగురమన్నావు.”

ఆ మాట ఆమె మొహం చూడకుండా అన్నాడు. ఆ లెక్క వింటూ పెరిగినవాడే. ఆమెకు రెండువైపులా గొయ్యే. అసలు అంకె చెబితే బిడ్డను లెక్కపెట్టినట్టు, చెప్పకపోతే బిడ్డను వదిలేసినట్టు.

నెకెసాది వేరే జాతి, బుకుసు వాళ్ల పిల్ల. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ మాటేమిటో అడగలేదు. ఇప్పుడడిగింది. “అత్తయ్యా, ఆ ‘నిండు’ ఏమిటి?”

“ఇంకొకరున్నారని. ఆ ఒకర్ని లెక్కలో పెట్టం, కడుపులో పెట్టుకుంటాం.”

నెకెసా మొగుడివైపు తిరిగింది. “న్యోకాబి.”

ఏడాదిలో ఎన్నిసార్లొస్తుందని సణిగాడు మురియుకి. “మటాటులో వెనకే వస్తుంది కదా.”

“వెనకే వస్తుందనే నాకూ చెప్పారు, నాయనా.”

ముగురె పెద్దమ్మ సంగతి అతనికి తెలుసు. మీట నొక్కాడు. కాళ్లపీట గుర్రుమంటూ, తీరిగ్గా, ఎంతకీ దిగదు. అది దిగేదాకా అందరూ అలా నిలబడి చూశారు.

బూడిదరంగు బండికి తాళం తిప్పగానే లోపలినుంచి ఎవరో ఆడమనిషి జపాను భాషలో ఏదో చెప్పింది. ఏమంటోందని నెకెసా అడిగింది. అక్కడి టోలుగేటు కార్డేదో పెట్టమంటోంది, రోజూ పొద్దున్నే చెబుతుంది, ఈ దేశంలో ఎవరూ విన్నపాపాన పోలేదన్నాడు అథ్మానీ.

“మా ఇంట్లో ఇప్పటికే ఇద్దరున్నారు ఇలాంటివాళ్లు,” అన్నాడు మురియుకి. నెకెసా అతని భుజమ్మీద ఒకటి వేసింది.

వంగేచి వెనక బల్లమీదికి పాకి కూర్చుంది. ముందు కూర్చోమన్నా వినలేదు. గుడ్డను చేత్తో రుద్ది చూసింది, ఉతికితే పోయే మరకలే. కొడుకు కళ్లు ఇంకా నల్లబండి మీదే ఉన్నాయి.

“ముసలాడివయ్యాక కొనుక్కుందువుగానిలే,” అంది, జాలిగా.

అతను నవ్వి, స్టీరింగు మీద చేతులు పెట్టాడు. కాసేపటికి అద్దంలోంచి ఆమెవైపు చూశాడు. “అమ్మా, న్యోకాబి స్కూలు సెలవులకి ఎప్పుడు వదుల్తారు?”

“శుక్రవారం.” మాట అతని నోట్లో ఉండగానే చెప్పింది.

“మనమే వెళ్లి తీసుకొద్దాం.”

“తెల్లారగానే బయల్దేరుదాం,” అంది నెకెసా. “వాళ్లు గేటు తీసేసరికి అక్కడుండాలి.”