రంగుకు మాత్రమే అనుమతి

దోన్యా హసింతా గుప్పిట విప్పి నా బల్ల మీద సున్నపు పొడి పోసింది.

"ఇది మా పడకగది గోడ, అమ్మాయ్. ఇవాళ రాలింది ఇంతే. గోడ మొత్తం చూడాలంటే అది నా మీద కూలేదాకా ఆగు."

మా ఊరి పాత పేటలో కిటికీ మార్చాలన్నా మునిసిపాలిటీలో మా ఆఫీసు ఒప్పుకోవాలి. ఆమె ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. ఆ పక్కింటిని మెక్సికో నగరం నుంచి వచ్చిన బెర్మూదెస్ కొన్నాడు. వీధి వైపు రంగు వేసుకోవడానికి మాత్రమే అనుమతి తీసుకున్నాడు. లోపల కమానులు కూలగొడుతున్నారనీ, తన గోడను మోసేవి ఆ కమానులేననీ ఆమె గొడవ.

వెళ్ళి చూశాను. కాపలావాడు నవ్వుతూ ముందు గది, మొదటి లోగిలి చూపించాడు. వెనక లోగిలికి తాళం వేసి ఉంది. "తాళంచెవి అయ్యగారి దగ్గరుంది మేడం" అన్నాడు. రంగు డబ్బా నిండుగా వచ్చి ఖాళీగా పోవాలి. ఆ ఇంట్లోంచి బయటికి పోయే డబ్బాను మాత్రం ఇద్దరు మనుషులు మోస్తున్నారు.

అలాగని ముసలామెనూ నమ్మలేకపోయాను. రొట్టెల బట్టీ పొగ మీదా, చర్చి గంట మీదా కూడా ఫిర్యాదులు పెట్టిన మనిషి. ఆమె గోడలో పైనుంచి కింది దాకా ఉన్న పగులు కదులుతోందో లేదో తెలియాలని దానికి అడ్డంగా జిప్సం పట్టీ వేసి వచ్చాను. వారం తిరక్కుండానే అది రెండు ముక్కలైంది.

మా అధికారి దోన్ ఒక్తావియానో నవ్వేశాడు. "చీపురు కర్రతో ఒక్కటి తగిలించి ఉంటుంది. ఆవిడకింకేం పని? సోమవారం పని పూర్తయినట్టు సంతకం పెట్టెయ్, నోయెమీ. ఫిర్యాదు కూడా దాంతోనే మూసేద్దాం."

సంతకం నాది. గోడ కూలితే దాని కింద పడుకునేది ఆమె.

మే మూడు, శనివారం. పొద్దుటి నుంచి ఊళ్ళో తారాజువ్వలు పేలుతున్నాయి. తాపీ పనివాళ్ళ పండగ. మా నాన్నా తాపీ మేస్త్రీయే. మా ఇంట్లో కాలేజీ చదువు చదివింది నేనొక్కదాన్నే. చిన్నప్పుడు ఆయన కట్టే గోడ మీదికి పూల సిలువ నేనే అందించేదాన్ని. కట్టుబడి ఎక్కడ నడుస్తుంటే అక్కడ, అన్నిటికంటే ఎత్తున, దాన్ని నిలబెట్టాలి. లేకపోతే ఆ పనిలో ఎవరో ఒకరు పడిపోతారని భయం. రంగులు వేసేవాళ్ళకు ఈ ఆచారం లేదు.

పగులు మళ్ళీ కొలుద్దామని దోన్యా హసింతా ఇంటికి వెళ్ళాను. "పట్టీ మీరే పగలగొట్టారా? నిజం చెప్పండి" అని అడిగేశాను.

"నా చెయ్యి భుజం దాకా లేవదు. లేస్తే ముందు మీ ఆఫీసరు నెత్తినే కొడతా. డాబా ఎక్కి చూడు, పో!"

డాబా మీంచి చూస్తే వెనక లోగిలి అంతా నీలం పరదా కప్పి ఉంది. ఏమీ కనబడలేదు. దిగబోతూ ఆగాను. పరదా చీలికలోంచి ఒక కర్ర పైకి పొడుచుకొచ్చి ఉంది. దాని కొసన కాగితం పూలు చుట్టిన సిలువ. పూలు ఇంకా రంగు వెలవలేదు.

వెనక వీధిలోకి వెళ్ళి తలుపు తట్టాను. ఆ రోజు పనిచోటికి వచ్చిన మనిషిని తిండి పెట్టకుండా పంపరు. "ఎవరైతేనేం, రండి, మోలె కూర చల్లారిపోతోంది!" అంటూ తలుపు తీశారు.

ఆరు కమానుల్లో ఒక్కటే మిగిలింది. దోన్యా హసింతా గోడ ఆసరా లేకుండా మొండిగా నిలబడి ఉంది.

మేస్త్రీ ఎవారిస్తో నా కోసం పళ్ళెం పట్టుకొస్తూ, నా మెడలోని మునిసిపాలిటీ కార్డు చూసి ఆగిపోయాడు.

"నువ్వు మా ఫెర్మీన్ కూతురివి కదూ?"

"అవును బాబాయ్."

"అయితే అయిపోయాం." సిలువ వైపు చూశాడు. "తారాజువ్వలు వద్దన్నాడు అయ్యగారు, మానేశాం. సిలువ కూడా వద్దన్నాడు. మావాడెవడన్నా పైనుంచి పడితే ఆయనొచ్చి పట్టుకుంటాడా?"

"పని ఆపాలి బాబాయ్. ముందు ఆ గోడకు దుంగలు ఆనించండి. అది నిలబడ్డాకే సీలు వేస్తాను."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత పళ్ళేలు పక్కన పెట్టి లేచారు. ఒకడు సిలువ తీయబోతే ఉండనిమ్మన్నాను.

దుంగలు బిగిస్తుండగా ఫోన్ మోగింది. దోన్ ఒక్తావియానో.

"పండగపూట ఎందుకమ్మా ఈ గొడవ? సీలు గీలు వేయకు. సోమవారం మాట్లాడుకుందాం."

నేను ఇక్కడికి వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు.

"ఎక్కడ వేయొద్దు సర్?" అన్నాను.

ఫోన్ పెట్టేశాను.

గోడ అవతలి నుంచి దోన్యా హసింతా అరిచింది. "ఏంటే ఆ చప్పుడు? మళ్ళీ కూలగొడుతున్నారా?"

"కాదు, నిలబెడుతున్నారు!"

"నేను నమ్మను! వచ్చి చూస్తా!"

ఆమె వచ్చి ఒక్కో దుంగనూ చేత్తో తట్టి చూసేదాకా ఆగాను. ఆ తర్వాత తలుపుకు సీలు వేశాను.