ఖాందా ఇంటి బాణం

కొత్త ఇంట్లో దిగిన రోజున, సామాను ఇంకా గుమ్మం బయటే ఉండగా, మీకు వేడివేడి టీ పట్టుకొచ్చిన మనిషి ఎవరు? పేరు చెప్పగలరా? చెప్పగలిగితే మీరు అదృష్టవంతులు, కాళ్ళు బారజాపుకుని వినండి. చెప్పలేనివాళ్ళు కాస్త ముందుకు జరగండి. ఈ కథ మీకోసమే.

ఖాందా తెల్లారగానే లేచి, పొయ్యిలో బొగ్గు వేసి, ఉప్పు పాలటీ కాచేది. మొదటి గరిటెడు బయటికి తెచ్చి ఆకాశానికి చిలకరించేది. ఆ తర్వాత తలెత్తి తన బాణం ఉందో లేదో చూసుకునేది. ఉండేది. పక్కింటి దొడ్డి మీద, కరెంటు స్తంభమంత ఎత్తున, ఉత్తరానికి ముక్కు పెట్టుకుని, గాలిలో ఆగినచోటే ఆగి ఉండేది. నూగుమంచు పట్టిన పొద్దుల్లో దాని ఈకలు తెల్లబడేవి. పిచ్చుకలు దాని మీద కూర్చుని పోట్లాడుకునేవి. కరెంటు మనిషి తీగలు సరిచేయడానికి వస్తే నిచ్చెన కాస్త పక్కకి జరిపి వేసుకునేవాడు. "ఇవాళా దిగలేదు" అనుకుని ఖాందా లోపలికి వెళ్ళి, తాళ్ళు విప్పని పెట్టె మీద కూర్చుని టీ తాగేది.

తన ఇంట్లో తానే మూటాముల్లె విప్పకుండా, బస్సు కోసం చూస్తున్నదానిలా కూర్చోవడమేమిటంటారా? బాణం దిగందే అది తన ఇల్లు కాదు మరి.

మైదానంలో మందలు మేపుకునే వాళ్ళ వైపు పద్ధతి అది. కొత్త చోట గేర్, అంటే వాళ్ళ గుండ్రటి గుడారం, నిలబెట్టి, ఉన్ని కంబళ్ళు చుట్టి, పొయ్యి వెలిగించగానే ఆ ఇంటి మనిషి గుమ్మం ముందు నిలబడి దూరంగా పెట్టిన గురికి ఒక్క బాణం వేయాలి. ఈలోగా పొగ చూసిన ఇరుగుపొరుగు టీ కేటిలు పట్టుకుని రానే వస్తారు. వచ్చినవాళ్ళు గురి పక్కన నిలబడి, రెండు చేతులూ పైకెత్తి "ఊఖాయ్" అని రాగం తీస్తారు. అప్పుడు బాణం దిగుతుంది. పిలిచేవాళ్ళు లేనిదే ఏ బాణమూ దిగదు, అది అందరికీ తెలిసిందే. అయితే మామూలు బాణం ఎవరు పిలిచినా వింటుంది. ఇంటి బాణం అలా కాదు. ఆ నేల మీద ఇల్లున్నవాళ్ళు పిలిస్తేనే వింటుంది. చుట్టాలు పిలిచినా, దేశాధ్యక్షుడొచ్చి పిలిచినా చెవిన పెట్టదు.

కిందటి చలికాలం మంచు గడ్డకట్టి మేత మీద ఇనుప మూతలా కూర్చుంది. వసంతం వచ్చేసరికి ఖాందా మందలో లేచి నిలబడ్డ జీవం లేదు. మంద లేనివాళ్ళకి మైదానంలో ఏం పని? పట్నం చివర, కొండ కింద, చెక్క దడుల సందులో చనిపోయిన అన్న స్థలం ఖాళీగా పడి ఉంటే గేర్ లారీకెత్తించుకుని వచ్చేసింది. వచ్చిన రోజున సందు పొడుగునా పొగగొట్టాలు చూసి పొంగిపోయింది. మైదానంలో ఎక్కడో కొండ దాటి వచ్చేది కేటిలు. ఇక్కడ ఇన్ని పొయ్యిలున్నాయి, ఎవరి కేటిలు ముందు తాగాలో తేల్చుకోలేక చస్తాననుకుంది. పక్కింటి దొడ్డికి అవతల, ఖాళీ నేల మీద గురి పేర్చుకుంది. పిడికిలంతేసి తోలు గుండ్లు, చిన్న గోడలా. వెనక్కొచ్చి, టీ రాకముందే బాణం వేసేసింది.

ఏ దడి తలుపూ తెరుచుకోలేదు. బాణం సగం దారిలో ఆగిపోయింది. వేసవంతా అలాగే ఉంది.

ఆకురాలు కాలంలో ఒక పొద్దున దడి బయట లారీ ఆగింది. ఉన్ని మూటల మీంచి ఇద్దరు దిగారు. సుగర్మా, దోర్లిగ్. ఖాందాకి చిన్ననాటి స్నేహితులు. ముగ్గురూ కలిసి తిరగని పండగ పోటీ లేదు ఆ జిల్లాలో. సుగర్మా మోకాళ్ళు ఇప్పుడు వంగవు. దోర్లిగ్‌కి ముందు పళ్ళు లేవు. నోరు మాత్రం మునుపటి కంటే ఎక్కువైంది.

"ఏమే ఖాందా, పట్నం దొరసానీ! కుర్చీలేవి? సోఫాలేవి? మేమేదో సుఖపడదామని వస్తే పెట్టెల మీద కూర్చోమంటావా?"

"పెట్టెలైనా ఉన్నాయి నీ మొహానికి. గొర్రె మీద కూర్చునేవాడివి నువ్వు."

సుగర్మా నవ్వలేదు. విప్పని పెట్టెల తాళ్ళ వంక చూసింది. బయటికి వెళ్ళి తలెత్తి బాణం వంక చూసి వచ్చింది.

"ఇన్నాళ్ళూ అలాగే ఉందా?"

"ఉంది."

"ఒక్కరూ టీ తేలేదా?"

ఖాందా గిన్నెల్లో టీ పోసింది.

"అయితే విను," అంది సుగర్మా. "సాయంత్రం లారీ ఖాళీగా వెనక్కి వెళ్తుంది. గేర్ విప్పేద్దాం. నా గేర్ పక్కన నిలబెట్టుకో. రేపో ఎల్లుండో దారి మంచుతో మూసుకుపోతుంది, మళ్ళీ వసంతం దాకా బండి రాదు."

"నీ పక్కన ఉండి ఏం చేయను? నీ ఆవుల పాలు పితకనా, నీ గొర్రెల ఉన్ని తీయనా?"

"నేను పెట్టింది తిను. తప్పా?"

"తప్పు కాదు. నా గుమ్మం కాదు, అంతే." ఖాందా గిన్నె కింద పెట్టింది. "సాయంత్రం దాకా చూద్దాం. దిగకపోతే వస్తాను. ఊరికే కూర్చోవడమెందుకు, మీ విల్లులు తియ్యండి" అంది.

ఖాందా విల్లు పట్టడం మీరు చూడాలి. నడుస్తున్నప్పుడు ఆమె అందరిలాంటి ముసలమ్మే, కాస్త కుడివైపు ఒరుగుతుంది కూడా. విల్లు చేతికి రాగానే ఆ ఒరుగు ఎటు పోతుందో పోతుంది. గాలి ఎటుందో చూడదు, చెంప మీద తెలుసుకుంటుంది. బొటనవేలితో అల్లెతాడు లాగి చెవి వెనక్కి తెచ్చేసరికి, ఆమె చుట్టూ ఉన్న గాలి ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. పోటీల్లో ఆమెతో ఓడిపోయినవాళ్ళు ఓటమి గురించి చెప్పేవాళ్ళు కాదు. ఆమె వేళ్ళ గురించి చెప్పేవాళ్ళు.

గురి పక్కన మిగతా ఇద్దరూ నిలబడ్డారు. దోర్లిగ్ టోపీ ఊపాడు.

"ఒసే, నేనిక్కడున్నాను! గుండ్లకీ నా బుర్రకీ తేడా కనిపిస్తోందా?"

"గుండ్లలో ఏదో ఒకటి ఉంటుందిలే, భయపడకు!"

బాణం వదిలింది. అది వాళ్ళ తలల మీదికి వచ్చి నిలబడింది. ఇద్దరూ చేతులెత్తారు. "ఊఊ... ఖాయ్!" ఒకటి బొంగురు గొంతు, ఒకటి పళ్ళ సందుల్లోంచి గాలిపోయే గొంతు. అయినా ఆ రెండూ కలిస్తే కొండ తిరిగి పలికింది. బాణం పిల్లిలా దూకి నడిమి గుండుని ఎగరగొట్టింది. ఇంకోటి. ఇంకోటి. తర్వాత సుగర్మా వేసింది, తర్వాత దోర్లిగ్ వేసి గురి తప్పి, "గాలి" అన్నాడు. "గాలి కాదు, పళ్ళు లేవు" అంది సుగర్మా. ముగ్గురూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆ నవ్వుల మధ్య ఖాందా ఇంటి బాణం మాత్రం పైన కదలకుండా ఉంది.

దోర్లిగ్‌కి ఒళ్ళు మండింది. పక్కింటి దడి వైపు తిరిగి గొంతు పెంచాడు.

"ఓ దడి వెనక మహారాజులూ! కేటిళ్ళు చిల్లులు పడ్డాయా? నాలుకలు పొయ్యిలో కాలిపోయాయా?"

దడి మీంచి ఒక తల లేచింది. బాల్చీ బోర్లేసి ఎక్కినట్టుంది. ఆమె యాంజ్మా, పక్కింటావిడ. వేసవంతా ఖాందా ఆమె దగ్గు విన్నది తప్ప మొహం చూడలేదు.

"అరవకండి. ఆవు బెదురుతోంది" అంది యాంజ్మా. ఖాందా వైపు తిరిగింది. "మీ బాణం తీసేయండి. చూడండి ఇది." ఎండబెట్టిన పెరుగు గడ్డ ఒకటి చూపించింది. దాని మీద అడ్డంగా తడి గీత. "దాని నీడ పడ్డంత మేర ఎండడం లేదు. ఆరబెట్టిన పలకంతా ఇంతే."

"నా చేతిలో లేదమ్మా. నీ చేతిలో ఉంది," అంది ఖాందా. "ఆ రెండు చేతులూ ఎత్తి ఒక్క కేక వెయ్యి."

"నేను పిలిస్తే దిగదు."

"పిలిచి చూశావా?"

యాంజ్మా పెరుగు గడ్డని అటూ ఇటూ తిప్పింది.

"చూశాను. మీరు సంతకి వెళ్ళినప్పుడు. ఒకసారి కాదు. గొంతు పోయేలా పిలిచాను. ఇక్కడ నాదే దిగలేదు, మీది నా మాటెందుకు వింటుంది?"



"నువ్వెప్పుడు వేశావు నీ ఇంటి బాణం?" అని అడిగింది సుగర్మా.

"ఎక్కడ వేశాను! కేటిలు వస్తే వేద్దామని కూర్చున్నాను. చలిలో తలుపు తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు. వేయలేదు. ఇన్నేళ్ళూ ఇక్కడ పొయ్యి ఉంది నాకు, ఇల్లు లేదు. ఇల్లు లేనిదాన్ని ఏ మొహంతో మీకు టీ తేను?" చేత్తో సందు పొడుగునా చూపించింది. "అందరిదీ ఇదే. ఎవరి దడి తట్టినా ఇదే చెప్తారు."

ఆలోచించండి. సందు నిండా మనుషులు, ఒక్కరికీ ఇల్లు లేదు. ప్రతివాళ్ళూ అవతలివాళ్ళకి ఉందనుకుని, సిగ్గుపడి, దడికి ఇంకో పలక కొట్టుకున్నారు.

ఖాందా దడి దగ్గరికి నడిచి, తన విల్లు పైనుంచి అందించింది. బతికున్నప్పుడు తన మొగుడికి కూడా ఆమె ఆ విల్లు ఇచ్చి ఎరగదు.

"వెయ్యి."

"నాకు రాదు. చిన్నప్పుడు మా నాన్న విల్లు పట్టుకున్నాను, అంతే."

"వంకరగా వెయ్యి. వంకర బాణం కూడా ఇంటి బాణమే."

యాంజ్మా తన గుమ్మం ముందు నిలబడి లాగింది. బాణం ఎటో బయల్దేరి, మనసు మార్చుకుని, వంకరగా వచ్చి రెండు ఇళ్ళ మధ్య దడి పైన గాలిలో ఆగింది. ఇప్పుడు పైన రెండు బాణాలు, కొత్తగా పరిచయమైన రెండు గుర్రాల్లా.

ఇద్దరాడవాళ్ళూ గురి దగ్గరికి వెళ్ళారు. దూరంగా లారీవాడు హారన్ కొట్టాడు.

"మీరు పిలవండి అక్కా, నా దాన్ని" అంది యాంజ్మా.

"నాది దిగలేదుగా. నేనిక్కడిదాన్ని కాను. నువ్వు పిలువు."

"నాదీ దిగలేదుగా. మీరు పెద్దవారు, ముందు మీరు."

"ఏళ్ళుగా ఉన్నదానివి, ముందు నువ్వు!"

"గుమ్మం దగ్గర మర్యాదలకి పోయి ఇద్దరూ చలికి చచ్చారట, అలా ఉంది!" అని దోర్లిగ్ మొత్తుకున్నాడు. "ఉన్నవి నాలుగు చేతులు! ఒక్కసారే ఎత్తి తగలడండి!"

ఖాందా యాంజ్మా మొహంలోకి చూసింది. ఎదురెదురుగా నిలబడి ఇద్దరూ చేతులెత్తారు. ఎవరు ముందు మొదలుపెట్టారో సుగర్మాని అడిగినా చెప్పలేదు. అది ఒకే గొంతు, ముందూ వెనకా తేల్చుకునే వీలు బాణాలకీ లేదు. అందులో ఒక వేసవి ఉంది, ఒక తెరిచిన తలుపు ఉంది, ఎవరూ తేని టీ అంతా ఉంది. "ఊఊఊ... ఖాయ్!"

ఖాందా బాణం ఈకల దుమ్ము దులుపుకుంది. పిచ్చుకలు లేచిపోయాయి. సగంలో ఆపిన మాట అందుకున్నట్టు ముందుకు సాగి, నడిమి గుండుని కొట్టి, మెత్తగా గడ్డిలో పడుకుంది. యాంజ్మా బాణం గురి వైపు రానేలేదు. ఉన్నచోటే నిటారుగా దిగి, దాని మొద్దు ఎముక మొనతో దడి పలకని ఒక్క గుద్దు గుద్దింది. పలక ఊడి ఖాందా దొడ్లో పడింది.

పలక ఊడిన కంతలోంచి యాంజ్మా పొయ్యి, పొయ్యి మీద కేటిలు కనిపించాయి.

యాంజ్మా లోపలికి వెళ్ళింది. కంతలోంచి కేటిలు ముందు వచ్చింది, వెనక ఆమె చెయ్యి వచ్చింది, ఆ తర్వాత ఒళ్ళంతా ముడుచుకుని ఆమె వచ్చింది. ఖాందా గిన్నె రెండు చేతులా అందుకుని తాగింది.

"ఉప్పెక్కువ" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"ఇన్నేళ్ళు ఆగింది కదక్కా."

సుగర్మా గేర్‌లోకి వెళ్ళి, మోకాళ్ళు వంగకపోయినా వంచి, పెట్టెల తాళ్ళు తనే విప్పింది. సాయంత్రం లారీ ఇద్దరినే ఎక్కించుకుని వెళ్ళింది. మలుపు తిరిగేదాకా దోర్లిగ్ టోపీ ఊపుతూ, "మళ్ళీ వస్తాం, ఈసారి సోఫా ఉండాలి!" అని అరుస్తూనే ఉన్నాడు.

మర్నాడు ఆ దడి సందులోంచి రెండిళ్ళ అవతలి ముసలాయన తల దూర్చాడు. కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, విల్లు ఒక్కసారి ఇస్తారా అని అడిగాడు. మంచు మోకాలెత్తు పేరుకునే వేళకి సందులో అందరూ తమ ఇంటి బాణాలు వేశారు, ఆకాశంలో ఒక్కటీ మిగల్లేదు. ఊడిన పలకలన్నీ ఖాందా పొయ్యిలోకి పోయాయి.

అయిపోయింది. ఇంకా కూర్చున్నారేం? మీ సందులో, మీ మెట్ల మీద, మీ గోడకి అవతల ఎవరో కొత్తగా దిగి ఉంటారు. మీరు ముందా వాళ్ళు ముందా అని లెక్కలు వేయకండి. లేవండి. పొయ్యి మీద నీళ్ళు పెట్టండి. మరిగాక కేటిలు పట్టుకుని వెళ్ళి వాళ్ళ తలుపు తట్టండి.