ముందు గోరుతో తట్టి చూడు

ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా పనిచేసినదాన్ని. మనిషి ముఖం రెండుసార్లు చూసినా గుర్తుపట్టలేను కానీ, గొంతు ఒక్కసారి వింటే పదేళ్ళయినా మరిచిపోను. రిటైరై ఆరేళ్ళైంది. ఇప్పటికీ ఫోన్లో ఎవరైనా ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు చెబితే నాకు ఎడమ చెవి దురద పెడుతుంది. అలాంటి నేను నా చెల్లెలి కూతురి విషయంలో ఒకసారి ఆ దురదని పట్టించుకోలేదు. తప్పు నాదే కాబట్టి ఆ సంగతి నేనే చెబుతాను.

ఆ పిల్లని ఇంట్లో అందరం గడబిడ అంటాం. ఒక చెప్పు కాలికి, రెండోది చేతిలో పట్టుకుని బస్సెక్కే రకం. చదువు అయ్యాక ఉద్యోగం వద్దంది. కొత్తగా వచ్చిన ఫోన్లు, ఇయర్‌ఫోన్లు వాడి చూసి, మంచిచెడులు వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెడతానంది. ఏడాదిలో నిలదొక్కుకోకపోతే నోరెత్తకుండా ఆఫీసులో చేరతానని వాళ్ళమ్మకి మాటిచ్చి, పెట్టె సర్దుకుని మా ఇంటికొచ్చేసింది. నా మీద ప్రేమతో కాదట, మా వెనక గది కిటికీ కోసమట. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా అక్కడ వెలుతురు మెత్తగా పడుతుందని, ముఖానికి వేరే లైట్లు అక్కర్లేదని చెప్పింది. సరే, కిటికీకైనా పనికొచ్చాం కదా అనుకున్నాను.

మొదటి వీడియోలో డబ్బా మీదున్నదంతా గడగడా చదివేసింది.

"డబ్బా మీదున్నది డబ్బా కొన్నవాళ్ళే చదువుకుంటారు. దానికి నువ్వెందుకే?" అన్నాను.

రెండో దాంట్లో వాన వెలిసిన చెరువులో కప్పలా గొంతు చించుకుని అరిచింది. "ఎవరితో మాట్లాడుతున్నావు? ఎక్స్ఛేంజ్‌లో నా బోర్డు మీద ఎన్ని లైన్లున్నా మాట్లాడేది ఒక్కళ్ళతోనే. ఎవరో ఒక్క మనిషిని అనుకుని, వాళ్ళకి చెప్పు" అన్నాను. నన్నే అనుకుందట. అప్పట్నుంచి వీడియోల్లో కాస్త భయంభయంగా, ఒద్దికగా మాట్లాడటం మొదలుపెట్టింది. భయం మంచిదే.

మెల్లగా తనకంటూ కొన్ని నియమాలు పెట్టుకుంది. వాటిని కాగితం మీద రాసి అద్దానికి అంటించింది. ఏ వస్తువైనా పది రోజులు తనతో తిప్పనిదే దాని గురించి నోరు విప్పకూడదు. కంపెనీ ఊరికే పంపిందైతే ఆ మాట మొదటి నిమిషంలోనే చెప్పాలి. బాగోలేనిది ముందు, బాగున్నది తర్వాత. తనకి నచ్చిందా లేదా అని కాదు, ఎవరికి పనికొస్తుందో చెప్పాలి. నియమాలన్నీ బంగారంలాంటివి. మనిషే గడబిడ.

ఆరో నెలలో ఒక చిన్న కంపెనీ దానికి ఇయర్‌ఫోన్లు పంపింది. తీగ లేకుండా చెవిలో పెట్టుకునే రకం. పది రోజులూ వాటితోనే తిరిగింది. బస్సులో విని చూసింది, బజారులో విని చూసింది, కుక్కర్ కూత పెడుతుంటే విని చూసింది. మైకు పరీక్ష ఒక్కటీ ఆఖరుకి మిగిలింది. అప్పటికి పదకొండు కావస్తోంది, కిటికీ వెలుతురు పోతోంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎదురుగా స్టాండు మీద ఫోను పెట్టి, కెమెరా ఆన్ చేసింది.

"ఇప్పుడు మీరు వింటున్న గొంతు ఈ ఇయర్‌ఫోన్ల మైకులోంచి వస్తున్నదే. ఎంత స్పష్టంగా ఉందో చూశారా? ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు" అంది.

ఆ వీడియోని వారంలో నలభై వేల మంది చూశారు. అంతకుముందు దాని వీడియోల్లో ఎక్కువమంది చూసినదానికి తొమ్మిది వందలే.

నేనూ చూశాను. మైకు పరీక్ష దగ్గర గడబిడ పక్కనున్న డబ్బా అందుకోవడానికి తల తిప్పింది. తలతోపాటు గొంతు కూడా అవతలికి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. నా ఎడమ చెవి దురద పెట్టింది. మైకు దాని చెవిలో ఉంటే, తల ఎటు తిరిగితే మైకూ అటే తిరగాలిగా? మరి గొంతు దూరమెందుకు అవుతుంది? అడుగుదామని నోరు తెరిచాను. ఎదురుగా అది ఫోను చేత్తో పట్టుకుని గదంతా గంతులేస్తోంది. వాళ్ళమ్మ ఫోన్ చేసి మొదటిసారి మెచ్చుకుంది. కాకిపిల్ల కాకికి ముద్దు. తెరిచిన నోరు మూసుకున్నాను.

మూసుకుని ఊరుకున్నా బాగుండేది. మా పై వాటాలో లెక్కల మాస్టారు ఉంటారు. రిటైరయ్యాక సాయంత్రాలు ఏడెనిమిది మంది పిల్లలకి వీడియో కాల్‌లో లెక్కలు చెబుతారు. భార్య పోయాక ఆయనకి ఆ రెండు గంటలే రోజంతా. ఎక్కం ఎత్తుకుంటే వీధి మలుపులో కూరగాయలమ్మేవాళ్ళు తమ లెక్క సరిచూసుకునేంత గొంతు. ఆయన పాత ఇయర్‌ఫోన్ల తీగ తెగిపోయి, "ఏవి కొనమంటావమ్మా?" అని మెట్ల మీద అడిగారు. నేను గొప్పగా మా గడబిడ వీడియో చూపించి, "ఇవే కొనండి, మీలాంటి వాళ్ళ కోసమే చెప్పింది" అన్నాను.

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం నాకు ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటా అని చెవి పెట్టి చూస్తే, పై వాటా నుంచి ఎక్కాలు వినబడటం లేదు.

మర్నాడు మాస్టారు మెడకి తువ్వాలు చుట్టుకుని మెట్లు దిగుతూ కనిపించారు. పలకరిస్తే గుసగుసగా జవాబిచ్చారు.

"గొంతు దాచుకుంటున్నానమ్మా. నిన్న పాఠం మానేశాను, ఇవాళ సాయంత్రానికైనా కావాలిగా."

"ఏమైంది మాస్టారూ?"

"పిల్లలకి నా మాట వినబడటం లేదు. సార్, గట్టిగా, సార్, గట్టిగా అంటారు. ఎంత అరిచినా అంతే. ఇద్దరు మానేశారు కూడా. ఉప్పునీళ్ళు పుక్కిలించాను, డాక్టర్‌కి చూపించాను. గొంతులో ఏమీ లేదన్నాడు. ఇక వయసే అనుకోవాలి. ఈ వారంతో ఆపేస్తానని పిల్లల ఇళ్ళకి కబురు పెట్టాను."

"ఇయర్‌ఫోన్లు సరిగ్గా ఉన్నాయా?" అని అడిగాను.

"అవి మంచివేగా! మీ పిల్ల వీడియోలో ఎంత బాగా వినబడిందో నా చెవులతో నేనే విన్నాను. వస్తువు కొత్తదే తల్లీ, గొంతే పాతబడింది" అని నవ్వారు.

ఆ నవ్వు నాకు సూదిలా గుచ్చుకుంది. ఒకసారి పైకెళ్ళి, అవి పెట్టుకుని నాకు ఫోన్ చేయమన్నాను. చేశారు. తలుపు మూసిన గదిలో దిండులో ముఖం పెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్నో పాడైన లైన్లు విన్నాను. ఇది గొంతు తప్పు కాదు, లైను తప్పు.

తిన్నగా వెనక గదికి వెళ్ళాను.

"ఆ ఇయర్‌ఫోన్లు తీసి చెవిలో పెట్టుకో. ఆ రోజు ఎలా వీడియో తీశావో అలాగే తియ్యి" అన్నాను.

"ఎందుకు పెద్దమ్మా?"

"తియ్యవే ముందు!"

కెమెరా ఆన్ చేసింది. ఎక్స్ఛేంజ్‌లో డ్యూటీ ఎక్కగానే మొదటి కాల్ అందుకునే ముందు మేం చేసే పని ఒకటుంది. మైకు మీద గోరుతో తట్టి, కాస్త గీకి, ఆ చప్పుడు మన చెవికి వస్తుందో లేదో చూసుకోవాలి. రాకపోతే ఆ మైకు పనిచేయనట్టే. ఎంత తొందరున్నా ఎవరూ మానేవాళ్ళం కాదు. నేను దాని చెవి దగ్గరికెళ్ళి ఇయర్‌ఫోను మీద గోరుతో నాలుగుసార్లు గీకాను. తర్వాత స్టాండు మీదున్న ఫోను అడుగున గీకాను.

"ఇప్పుడు వినిపించు."

మొదట గీకిన చప్పుడు నాలుగుసార్లూ వినబడలేదు. తర్వాత ఖరఖరమని గది దద్దరిల్లింది.

గడబిడ కాసేపు ఫోన్లో ఏవేవో వెతికి, మెల్లగా అంది: "పాట చెవిలో వినబడుతోంది కదా, మైకు కూడా దీనిదే అనుకున్నాను. కెమెరా మాత్రం ఫోను మైకునే వాడుకుంది. ఆ రోజు అందరూ విన్నది ఫోన్లోంచి వచ్చిన గొంతు పెద్దమ్మా."

నేను మాస్టారి సంగతి చెప్పాను. తువ్వాలు, ఉప్పునీళ్ళు, ఆపేస్తానన్న కబురు, అన్నీ. అది మంచం మీద కూలబడింది. చెయ్యి వెళ్ళి ఆ వీడియో దగ్గర ఆగింది.

"తీసేస్తాను."

"కొనుక్కున్నవాళ్ళ చెవుల్లోంచి కూడా తీసేస్తావా?"

"మరేం చెయ్యను? నేను చెప్పింది తప్పని నేనే చెప్పుకుంటే, ఇంకెవరు నమ్ముతారు నన్ను? ఈ ఒక్క వీడియోతోనే కదా నన్ను నలుగురూ చూసింది!" అని ఏడ్చేసింది.

అప్పుడు చెప్పక తప్పలేదు. "ఆ రోజే నాకు తెలిసిందే. నువ్వు తల తిప్పితే గొంతు కూడా తిరిగింది. విని కూడా ఊరుకున్నాను."

ఏడుపు టక్కున ఆగింది. "తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు గంతులేస్తుంటే నోరు రాలేదు. ముద్దుకొద్దీ..."

"ఆ ముద్దు నాకొద్దు పెద్దమ్మా! దానికి అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు. కిటికీలు అందరిళ్ళలోనూ ఉంటాయి. నువ్వు తిడతావనే కదా నీ దగ్గరికొచ్చింది!"

జీవితంలో నన్ను చాలామంది తిట్టారు. లైను కలవనందుకు బూతులు తిన్న రోజులూ ఉన్నాయి. ఇంత న్యాయంగా ఎవరూ తిట్టలేదు. నాకు సిగ్గేసింది. దాంతోపాటు, చెప్పొద్దూ, కడుపు నిండినట్టు కూడా అనిపించింది. ఇద్దరం ముఖాలు కడుక్కుని పై వాటాకి వెళ్ళాం.

మాస్టారి ఎదుట గడబిడ చేతులు కట్టుకుని నిలబడింది. తొందరపడకుండా, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. "మైకు పరీక్ష నేను తప్పుగా చేశాను. మీరు నా మాట నమ్మి కొన్నారు. మీ గొంతుకేం కాలేదు మాస్టారూ, నా మాటే తప్పు" అంది.

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. ఆయన అసలు సగమే విన్నట్టున్నారు.

"అయితే నా గొంతు బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

మెడకున్న తువ్వాలు విప్పి కుర్చీ మీద పడేశారు. ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, ఉత్త ఫోనుతో ఒక శిష్యురాలికి కాల్ చేశారు.

"వినబడుతోందా?"

"సార్, ఫోను దూరంగా పెట్టుకున్నాను సార్. చెవి గుయ్యిమంటోంది" అంది అవతల పిల్ల.

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. గడబిడ మాత్రం తువ్వాలు మడతపెడుతూ నిలబడింది.

మర్నాడు తొమ్మిదింటికి కిటికీ దగ్గర కొత్త వీడియో తీసింది. పాతదాన్ని తీసేయలేదు. దాని కింద మొదటి వాక్యంగా మైకు పరీక్ష తప్పని రాసి, కొత్తది చూడమంది. కొత్త వీడియోలో ముందు గోరు చప్పుడు, తర్వాతే దాని ముఖం. గదిలో ఒకసారి, మెట్ల మీద ఒకసారి, నీళ్ళ కుళాయి విప్పి ఒకసారి అదే మాట మూడు చోట్ల చెప్పి వినిపించింది. మాస్టారు తనంతట తానే వచ్చి, ముందు ఇయర్‌ఫోన్లతో, తర్వాత అవి లేకుండా పదిహేడో ఎక్కం చదివి పెట్టారు. "పాటలకి ఇవి బాగున్నాయి. పాఠాలు చెప్పేవాళ్ళు మాత్రం కొనకండి. కొన్నవాళ్ళు నన్ను క్షమించండి" అని ముగించింది.

దాన్ని చూసింది మూడు వేల మందే. కొందరు వెక్కిరించారు. కంపెనీ మళ్ళీ ఏదీ పంపలేదు. గడబిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు ఎవరో పెద్దావిడ రాసిన మాట తెచ్చి నాకు చదివి వినిపించింది: "అమ్మాయీ, మా ఆయన చెవి మిషను కూడా నువ్వే చూసి చెబుతావా?" ఆ మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకుంది. అద్దం మీది కాగితంలో అన్నిటికీ పైన 'ముందు గోరుతో తట్టి చూడు' అని చేరింది. దాని పక్కనే చిన్న అక్షరాలతో 'పెద్దమ్మ చెవి దురద పెడితే ఆపు' అని కూడా రాసి ఉంది. ఇంకా ఐదు నెలలు మిగిలే ఉన్నాయి దాని ఏడాదిలో. నాకు బెంగ లేదు.

నిన్న సాయంత్రం కింది వాటా ఆవిడ తలుపు కొట్టింది. చేతులు రెండూ చెవుల మీదున్నాయి. పైనుంచి పందొమ్మిదో ఎక్కం గోడలు దాటి వస్తోంది.

"కాస్త మీరైనా చెప్పండి, టీవీ కూడా వినబడటం లేదు. కొంచెం మెల్లగా చెప్పమనండి ఆయన్ని!"

గడబిడ వెనక గదిలోంచి తల బయటపెట్టి నా వంక చూసింది. ఆవిడకి కుర్చీ వేసి, కాఫీ కలిపిచ్చాను.

"ఇంకేదైనా అడగండి చేస్తాను. ఆ మాట మాత్రం నేను చెప్పను" అన్నాను.