తువ్వాల కింది ధర

టేకు దుంగలు ఏ దేశపు అడవి నుంచి ఓడెక్కినా, భివండి గోదాముల్లో వాటి అసలు ధర పుట్టేది తువ్వాల కిందే. అమ్మేవాడూ కొనేవాడూ చేతుల మీద తువ్వాల కప్పుకుని వేళ్లు పట్టుకుంటారు. ఒక్కో వేలికి వెయ్యి. పక్కవాడికి తెలిస్తే ఇంక వ్యాపారం ఏముంటుంది!

ఆ గుట్టును పదిహేను రోజులకోసారి రట్టు చేయడమే శారోన్ ఉద్యోగం. దేశదేశాల కలప ధరలు అచ్చేసే ఒక పత్రికకు భివండి ధర పంపుతుంది. తండ్రి సుందర్‌రాజు కలప దళారి. ఆయన ఉన్నన్నాళ్లూ ఆమెకు బెంగ లేదు. వ్యాపారులు ఫోన్లో ఎన్ని కోతలు కోసినా, ఆయన సాయంత్రం కూతురి చేతి మీద తువ్వాల కప్పి వేళ్లతో నిజం చెప్పేవాడు. ఈ వానాకాలంలో ఆయన పోయాడు. అప్పటి నుంచి వ్యాపారులు చెప్పిందే ఆమె పంపుతోంది. అది అచ్చయిన ప్రతిసారీ, ఎవరో నొక్కినట్టు ఆమె అరచెయ్యి సలుపుతోంది.

ఈసారి పత్రికలో టేకు ఘనపుటడుగు మూడు వేలని పడింది. అది చదివి తమ్ముడు జోసెఫ్ కామత్‌ఘర్‌లోని తన మరమగ్గాల సాంచెలన్నీ పాత ఇనుము కింద అమ్మేశాడు. నేత మీద బతికినవాడు కలప వ్యాపారి అవుతాడట! దేవయ్య అనే వ్యాపారి రెండువేల ఆరువందలకే దుంగలు ఇస్తానన్నాడు. ఇందులో మునిగితే తమ్ముడి పిల్లలు రోడ్డున పడతారు. శారోన్ కూడా వెంట వెళ్లింది.

గోదాంలో అడుగు పెట్టగానే నాయిన చొక్కా వాసన వచ్చింది. రంపపు పొట్టు వాసనేలే అని సర్దిచెప్పుకుంది.

"నీకు వేళ్ల లెక్క రాదు, నేను చూస్త," అని తమ్ముడితో చెప్పి, దుంగ మీద పరిచిన తువ్వాల కిందికి చెయ్యి పోనిచ్చింది. వెంటనే ఒక చెయ్యి అందుకుంది. చల్లగా, గరుకుగా ఉంది. ఆ చెయ్యి ఆమె రెండు వేళ్లను గట్టిగా నొక్కి ఆగింది.

"రెండు వేలేనా?" అంది శారోన్.

దేవయ్య రెండు చేతులా చాయ్ గ్లాసు పట్టుకుని, అంత దూరాన నిలబడి ఉన్నాడు. "నేనింకా చెయ్యే పెట్టలే గద, బిడ్డా!"

ఆమె చటుక్కున చెయ్యి లాక్కుంది. "కొనకురా. రేటు పడిపోయింది."

"ఎవరు చెప్పిండ్రు?"

శారోన్ తువ్వాల వైపు చూసింది.

"నువ్వు రాసింది నమ్మి సాంచెలమ్మిన. ఇప్పుడు నువ్వే వద్దంటవా? ఏముందీడ? నేను గూడ చూస్త!" జోసెఫ్ బయానాగా ముందు ఇవ్వడానికి తెచ్చిన డబ్బు కుడిచేత్తో పట్టుకుని, ఎడమచెయ్యి తువ్వాల కింద దూర్చాడు.

అలాగే బిగుసుకుపోయాడు. కోపమంతా దిగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కుడిచేతిలోని డబ్బు మెల్లగా అక్కకు అందించాడు.

"నాయిన చెయ్యి ఇడుస్తలేడక్కా," అన్నాడు.