గుర్తులేని వంతెన

సాయంత్రం నాలుగు గంటలకు నేను నిద్రపోతున్నాను, లాగ్‌బుక్‌లో అలాగే ఉంది, గీత వంకర లేకుండా నిద్ర వరసలోకి దిగి ఆగింది, కాని గోడ గడియారంలో ఇంకా రెండు కాలేదు, లారీ బయట తూకం పలక మీదే ఉంది, ఇంజను వేడి ఇంకా నా మోకాళ్ళలో ఉంది, మరి ఈ బల్ల ముందు నిలబడి ఉన్నది ఎవరండీ అని తనిఖీ అధికారి అడిగాడు, అడిగిన తీరులో కోపం లేదు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని పేజీని కిటికీ వెలుతురుకు పట్టి, మీరు ఇక్కడికి రాకముందే దాటి వెళ్ళిపోయారు, సరుకు దించారు, పడుకున్నారు కూడా, నిద్రలో ఉన్న మనిషిని నిలబెట్టి మాట్లాడించడం నాకే బాగాలేదు, కూర్చోండి అన్నాడు, కూర్చున్నాను, రేపటిది కూడా రాశారేమో అని పేజీ తిప్పి చూశాడు, లేదండీ అన్నాను, పోనీలెండి, రాసి ఉంటే వాన పడుతుందో లేదో అడుగుదామనుకున్నాను అన్నాడు, నవ్వాలో తల దించుకోవాలో తెలియక రెండూ సగం సగం చేశాను, రోజుకు ఒక పేజీ, పేజీకి ఇరవై నాలుగు గళ్ళు, నడపడం, పని, విశ్రాంతి, నిద్ర అని నాలుగు వరసలు, ఏ గంటకు మనిషి ఏ వరసలో ఉంటే ఆ గంటకే గీత గీయాలి, నేను మాత్రం పదకొండేళ్ళుగా పొద్దున్నే, బండి కదలకముందే, స్టీరింగ్‌కు పుస్తకం ఆనించి రోజంతా గీసేస్తున్నాను, అప్పుడైతే చెయ్యి అలిసి ఉండదు, సిరా అలుక్కుపోదు, నా చేతిరాత మీద నాకు అభిమానం, పెళ్ళికి ముందు మీరు రాసిన ఉత్తరంలో విషయమేమీ లేదు, అక్షరాలు చూసే ఒప్పుకున్నాను అని నా భార్య ఇప్పటికీ అంటుంది, అది మెచ్చుకోలో దెప్పిపొడుపో నేను ఇంకా తేల్చుకోలేదు, ఇలా ముందే రాసుకోవడం నేర్పింది మా బావగారు, అక్క భర్త, నాకు బండి నేర్పినదీ ఆయనే, రోజును ముందు కాగితం మీద నడిపెయ్యిరా, తరవాత రోడ్డు మీద నీ ఇష్టం అనేవారు, అలా ప్రతి సాయంత్రాన్నీ ఉదయమే ముగించేసి, ముగిసిపోయిన రోజులోకి లారీ తోలుకుంటూ వెళ్ళడం నాకు అలవాటైపోయింది.

ఇలా దొరకడం ఇది రెండోసారి, నిరుడు రెండు రోజుల పేజీల్లో ఒకటే కిలోమీటరు అంకె దొరికింది, మూడోసారి దొరికితే లైసెన్సు ఉండదు, అధికారి పేజీ మీద ముద్ర వేసి పుస్తకం తిరిగి ఇచ్చి, బండిని ఆవరణలో పక్కకు పెట్టించి, తాళంచెవి తన వెనక మేకుకు తగిలించి, పది గంటలు ఇది కదలదు, మీరూ కదలకండి, ఎందుకలా రాశారో మీ మాటల్లో ఈ కాగితం మీద రాసివ్వండి, నా డ్యూటీ అయిదింటికి అయిపోతుంది అన్నాడు, ఆ కాగితం పట్టుకుని క్యాబిన్‌లోకి ఎక్కి కూర్చున్నాను, బల్లగా వాడేందుకు అదే స్టీరింగ్, అదే పెన్ను, తెల్లగా ఖాళీగా ఉన్న కాగితాన్ని చూసి ఎన్నాళ్ళయింది, కంపెనీకి చెప్పాలి, అంటే ఎర్రసిరా మేడంకి చెప్పాలి, రికార్డులు చూసే ఆవిడను మేమంతా అలాగే పిలుస్తాం, నా పేజీలు ఎన్నిసార్లు ఎర్రటి సున్నాలు చుట్టుకుని తిరిగి వచ్చాయో, ఒకసారి ఏకంగా ఫోన్ చేసి, మీ పేజీ మరీ శుభ్రంగా ఉందండీ, కదిలే బండిలో పుట్టిన పేజీ ఇంత శుభ్రంగా ఉండదు, చూస్తుంటే నాకు భయమేస్తోంది అంది, పక్కనున్న డ్రైవర్లు విని నవ్వితే నాకు ఒళ్ళు మండింది, అక్షరం బాగుంటే కూడా తప్పేనా అనుకున్నాను, ఇప్పుడు ఫోన్ చేస్తే విషయం విని ఆవిడ, పేజీ చింపలేదు కదా అని అడిగింది, లేదండీ, చింపకండి, తెల్లరంగు పూయకండి, అక్షరాల మీద అక్షరాలు దిద్దకండి, తప్పు గీత మీద ఒక్క అడ్డగీత కొట్టండి, కింద ఉన్నది కనబడాలి, పక్కన అసలు సమయం, సంతకం, ఇవాళ్టి తేదీ, తూకం చీటీ, డీజిల్ రసీదు ఆ పేజీకే గుచ్చండి, అబద్ధం ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి రాయండి, దొరికిన చోటి నుంచి కాదు, ఇంకేమైనా ఉందా అని అడిగింది, నేను మాట్లాడలేదు, ఉన్నట్టుంది అంది, ఉంటే ఇప్పుడే రాసెయ్యండి, మీరు చెబితే మీ పక్కన నిలబడగలను, వాళ్ళు కనిపెడితే నిలబడలేను, ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ గొంతే వినిపించింది, ఇన్నేళ్ళలో నా పేజీలను చూసినవాళ్ళు చాలామంది, చదివింది ఆవిడ ఒక్కతే, ఆ ఎర్ర సున్నాలను అవమానమనుకున్నాను, నా కోసం ఎవరో భయపడుతున్నారని ఒక్కసారైనా అనుకోలేదు.

ఉంది, ఇంకొకటి ఉంది, మొన్న కాక అటు మొన్న మధ్యాహ్నం, ఇటుకబట్టీల పొగగొట్టాలు దాటాక వంతెన వస్తుంది, వంతెన దాటాక పెట్రోల్ బంకు, వంతెన పొడవు రెండు కిలోమీటర్లు, అతుకుల మీద చక్రాలు పడినప్పుడల్లా టక్కుమంటుంది, ఆ చప్పుళ్ళు లెక్కపెట్టడం నాకో సరదా, ఆ రోజు పొగగొట్టాలు చూశాను, తరవాత బంకు చూశాను, మధ్యలో వంతెన లేదు, ఒక్క చప్పుడూ లేదు, నీళ్ళ మెరుపు లేదు, బంకు దగ్గర బ్రేకు మీద కాలు పెట్టేసరికి ఎవరో నన్ను అప్పుడే తెచ్చి ఆ సీటులో కూర్చోబెట్టినట్టుంది, చొక్కా వీపుకు అతుక్కుపోయింది, వంతెన దాటకుండా బంకు రాదు, కాబట్టి దాటాను, దాటింది ఎవరు, చేతులు నావే, కాళ్ళు నావే, నేను మాత్రం లేను, ఆ రాత్రి లాగ్‌బుక్ తెరిస్తే రెండు నుంచి నాలుగు దాకా నిద్ర అని ఉంది, ఉదయమే రాసుకున్నదే, పేజీలో అబద్ధం కానిది ఆ ముక్క ఒక్కటే అయింది, అంత జరిగాక కూడా ఈ ఉదయం మళ్ళీ అదే స్టీరింగ్‌కు పుస్తకం ఆనించి నాలుగింటి నిద్రను అందంగా గీసుకున్నాను, ఇంతకంటే గాఢమైన నిద్ర ఉంటుందా, ఈ సంగతి ఎవరికీ తెలియదు, అధికారి అడిగింది ఇవాళ్టి పేజీ గురించే, వంతెన గురించి రాస్తే వైద్య పరీక్షకు పంపుతారు, తేలేదాకా స్టీరింగ్ ముట్టుకోనివ్వరు, తిరిగి ఇస్తారో లేదో కూడా చెప్పలేను, పదకొండేళ్ళు ఈ చక్రం పట్టుకుని బతికినవాడికి చేతులు ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తెలియదు.

బావగారికి ఫోన్ చేశాను, ధైర్యం కోసమో వద్దని చెప్పించుకోవడం కోసమో నాకే తెలియదు, ఏరా, దొరికిపోయావా అని నవ్వారు, ఆ మాత్రానికే గొంతు అలా పెట్టావేం, పేజీ చించి టీ ఒలికిందని చెప్పు, నేను ముప్పై ఏళ్ళు ఒలికించలేదా, మా ఆఫీసులో నన్ను చూడగానే గ్లాసులు దూరం జరిపేవాళ్ళు తెలుసా అన్నారు, వెనక నుంచి అక్క, వాడు తిన్నాడో లేదో అడగండి ముందు అంటోంది, అప్పుడు వంతెన సంగతి చెప్పాను, నవ్వు ఆగిపోయింది, ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళిన అడుగుల చప్పుడు, తలుపు వేసిన చప్పుడు, ఎవరికైనా చెప్పావా అన్నారు, లేదు బావా అన్నాను, నేనూ ఎవరికీ చెప్పలేదురా, నాది వంతెన కాదు, ఒక ఊరు, మొత్తం ఊరు, బడి కూడా ఉందక్కడ, ఆ తరవాత ఆరేళ్ళు నడిపాను, వెళ్ళిన ప్రతిసారీ ఆ బడి గోడ వంక చూడలేకపోయేవాణ్ణి అన్నారు, రాసెయ్యిరా అని కూడా ఆయనే అన్నారు, నేను నేర్పింది తప్పని కూడా రాయి, పేరు కావాలంటే నా పేరు పెట్టు, పేరు పెట్టను బావా అన్నాను, ఆయన నేర్పింది అదొక్కటే కాదు, అద్దాలు చూడడం, లోడుతో వంపు తిరగడం, చక్రాన్ని పిడికిలి బిగించకుండా పట్టుకోవడం, నేను లేని ఆ రెండు కిలోమీటర్లూ బండిని గీత దాటనివ్వకుండా పట్టుకున్నవి ఆయన దిద్దిన చేతులేనేమో, తప్పూ రక్షణా ఒకే మనిషి దగ్గర నేర్చుకున్నాను, దేనికి దండం పెట్టి దేన్ని వదిలెయ్యాలో ఈ వయసులోనైనా తెలుస్తోంది.

రాశాను, అక్షరాలు అందంగా లేవు, ఒకచోట పెన్ను కాగితాన్ని గీరింది, లోపలికి తీసుకెళ్ళి ఇస్తే అధికారి కళ్ళజోడు నుదుటి మీది నుంచి ముక్కు మీదికి దించుకుని చదివాడు, రెండో పేరా దగ్గర ఆగాడు, మళ్ళీ మొదటి నుంచి చదివాడు, వంతెన సంగతి నేను అడగలేదు కదండీ అన్నాడు, అడగలేదండీ అన్నాను, బయట ఇంకో లారీ పలక మీదికి ఎక్కింది, గది అద్దాలు సన్నగా అదిరాయి, ఇది నేను పైకి పంపాలి, తెలుసు కదా, తెలుసండీ, ఆయన కూజాలోంచి నీళ్ళు వంచి గ్లాసు నా వైపు జరిపాడు, తాగండి, ఇందాకటి నుంచి అడుగుదామనుకుంటున్నాను, పెదవులు ఎండిపోయి ఉన్నాయి అన్నాడు.

నిన్న తిరుగు ప్రయాణంలో ఆ వంతెన మీద నెమ్మదిగా వచ్చాను, రెయిలింగుకు ఆనుకుని గాలం వేసుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు, అతను రోజూ ఉంటాడు, మొన్న కాక అటు మొన్న కూడా ఉండే ఉంటాడు, నా అద్దం అతని మోచేతికి జానెడు దూరంలో వెళ్ళి ఉంటుంది, అతను గాలం తాడు చూసుకుంటూ ఉండి ఉంటాడు, నిన్న చెయ్యి ఊపితే ఎవడో పిచ్చివాడనుకున్నట్టు చూసి అతనూ ఊపాడు, ఇన్నాళ్ళూ నన్ను ఇంటికి చేర్చింది నా నైపుణ్యమనుకున్నాను, ఆ మధ్యాహ్నం సైకిలు మీద కాస్త ఆలస్యంగా బయలుదేరినవాళ్ళు ఎవరో, రోడ్డు దాటబోయి చెప్పు తెగి ఆగినవాళ్ళు ఎవరో, నాకు ఎదురుపడకుండా నన్ను కాపాడిన వాళ్ళెవరో నాకు ఎన్నటికీ తెలియదు, వాళ్ళకూ తెలియదు, వాళ్ళ ముందు నిలబడి చేతులు జోడించే వీలు లేదు, మెలకువగా ఉండడం తప్ప వాళ్ళకు నేను కృతజ్ఞత చెప్పగలిగే దారి ఇంకొకటి లేదు, అవసరమైతే లారీ వదిలేసైనా సరే, మళ్ళీ వచ్చి కూర్చున్న క్యాబిన్ కిటికీలోంచి అధికారి గదిలోని గోడ గడియారం కనిపిస్తోంది, నాలుగైంది, ఉదయం గీసిన నిద్ర మీద ఒక్క అడ్డగీత కొట్టి, విశ్రాంతి వరసలో ఈ గంటకు ఈ గంటలోనే గీత గీశాను, పక్క లారీ కదిలిన అదురుకు అది కొంచెం వంకర పోయింది, అలాగే ఉండనిచ్చాను.