మూడు పేర్ల శిలువ రాయి

కొడుకు వాసక్ పేర శిలువ రాయి నిలబెట్టిస్తానని మామ్కన్ అన్న రోజు నుంచి కోడలు వనేని ఆవిడతో ముభావంగానే ఉంది. దేశాన్నేలుతున్న తాతార్ల సైన్యంతో తూర్పు యుద్ధాలకు పోయిన వాసక్ నాలుగేళ్లయినా తిరిగి రాలేదు. చూశామన్నవాళ్లు లేరు, పోయాడన్నవాళ్లూ లేరు. రాతి మీద పేరు పడిందంటే ఊరు అతన్ని పోయినవాళ్లలో కలిపేస్తుంది. ఆపైన పుట్టింటివాళ్లు వచ్చి తనను ఇంకొకరికి కట్టబెడతారు. వనేని భయం అదీ.

సరస్సు ఒడ్డున శిల్పి తిరాతుర్ ఆ రాయి చెక్కుతున్న చోటికి అత్తాకోడళ్లు రొట్టెలూ మజ్జిగా పట్టుకెళ్లారు. శిలువ పూర్తయింది. దాని మీద ప్రభువు బొమ్మ లేదు. కింద గుండ్రటి గింజ, అందులోంచి చెరోపక్కా లేచిన ఆకులు, పైన ద్రాక్షగుత్తులు. అడుగున రాతకు వదిలిన చోటు మాత్రం నున్నగా ఉంది.

శిలువంటే ఎండుకొయ్యే కదా, దానికి ఆకులెందుకని వనేని అడిగింది. ఆ కొయ్య చిగిర్చింది కాబట్టే మొక్కుతున్నామన్నాడు తిరాతుర్, రొట్టె తుంచుకుంటూ. తర్వాత మామ్కన్ వైపు తిరిగాడు.

"ఏమని చెక్కను పెద్దమ్మా? పోయినవాడికనా, ఉన్నవాడికనా?"



"ఉన్నవాళ్లకీ చెక్కుతారా?" అంది వనేని.

"ఎందుకు చెక్కం? మఠం పెద్దాయన తన రాయి తనే నిలబెట్టుకున్నాడు. రోజూ వచ్చి చూసి మురిసిపోతుంటాడు."

వనేని కాసేపు ఆకులనే చూసింది. "అయితే మా ఆయన పేరు పక్కన నా పేరు కూడా చెక్కు."

"నీదెందుకే?" అంది అత్త.

"రాతి మీద పేరున్న నేనే కళ్లెదుట తిరుగుతుంటే, పక్కనున్న పేరు చూసి ఆయన పోయాడని ఎవరంటారత్తా?"

మామ్కన్ రాతి పక్కన కూలబడింది. వాడు పోయాడని కాదనీ, రోజూ వాడి పళ్లెం పెట్టి తీయలేక, కూర్చుని ఏడవడానికో చోటు కావాలనుకున్నాననీ మెల్లగా చెప్పింది. కోడలు ఆవిడ పక్కన కూర్చుంది.

"మొగుడూ పెళ్లాం లోపల చేరి, కన్నదాన్ని గుమ్మం బయట నిలబెడతారా?" అంది మామ్కన్, ముక్కు తుడుచుకుని. "నా పేరూ వెయ్యవయ్యా."

తిరాతుర్ జానతో కొలిచి తల గోక్కున్నాడు. ఆ చోటు మూడు పేర్లకు చాలదనీ, ఒక అక్షరం ఒళ్లో ఇంకో అక్షరం ఇరికించాల్సి వస్తుందనీ సణిగాడు.

"ఇరికించు," అంది మామ్కన్. "ఇంట్లో మాత్రం విడివిడిగా ఉన్నామా ఏంటి."